రంగుల షెడ్డు వెనక తంగేడు

సిరిసిల్ల
23 సెప్టెంబర్ 2025

ప్రమీలక్కకు,

బాగున్నావా అని అడగను. బాగానే ఉన్నావని నీ బిడ్డ విజయశ్రీ ఫోన్‌లో పెట్టిన వీడియో చూసి తెలుసుకున్నాను. నిన్న ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు నోరు తెరవకముందే నేనే కట్ చేశాను. నీ మరదలు విజయరాణి నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "మీ అక్కాతమ్ముండ్లు ఫోన్ల మాట్లాడితే వాడకట్టంత ఇంటున్నది. కాయితం మీద తిట్టుకోండ్రి పోండ్రి" అంది. అందుకే ఇది రాసి సూరత్ బస్సు నడిపే లింగం చేతికి ఇస్తున్నాను.

ఆదివారం అవ్వను డుమస్ తీసుకెళ్లి భజియాలు తినిపించి తెస్తానన్నావు. సరే అన్నాను. మరి విజయశ్రీ పెట్టిన వీడియోలో సముద్రం ఎక్కడుంది? పైకప్పు ఊడిన షెడ్లు, గోడల్లోంచి మొలిచిన చెట్లు, మనిషెత్తు సర్కారు తుమ్మ. ఆ తుమ్మల్లో చెప్పుల్లేకుండా మన అవ్వ! మంచం దిగడానికి గోడ పట్టుకునే మనిషిని పాములు తిరిగే అడవిలోకి తోలావు. వెనక నుంచి నీ బిడ్డ నవ్వు ఒకటి. కింద ఇంగ్లీషులో ఏదో రాసింది. పక్కింటాయన చదివి "సాహసయాత్ర" అని చెప్పాడు. కన్నతల్లి నీకు ఆటవస్తువయిందా?

పొగగొట్టం కనబడ్డాక గుర్తుపట్టాను. అది మన మిల్లే. మరమగ్గపు సాంచెల మీద మమ్మల్ని తోలే జాబర్ మేస్త్రీ ఓంప్రకాష్‌ను నేను కర్రతో కొట్టి బయటపడ్డ మిల్లు. దాని గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని సిరిసిల్ల వచ్చేశాను. నువ్వేమో అక్కడికి పిక్నిక్కు పోయావు.

ఇంకో మాట. అవ్వ రంగుల షెడ్డు వెనక ఒక రాయి ముందు కూర్చుని టిఫిన్ విప్పింది. తను ఎప్పుడో పెట్టుకున్నానని చెప్పిన పోచమ్మే కదా అది? పెత్రమాస నాడు పోచమ్మ దగ్గరికి ఎవరైనా పోతారా? అది చచ్చిపోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. పోచమ్మకు బోనం శ్రావణంలో. అదీ బెల్లపన్నం, పెరుగన్నం. మీరు పెట్టిందేమిటి? సర్వపిండి! పోచమ్మకు సర్వపిండి పెట్టినవాళ్లను నా జన్మలో చూడలేదు. సూరత్‌లో ఉండి ఉండి మన ఆచారం కూడా రింగ్ రోడ్ బట్టల బజారులో చీరలతో పాటు అమ్మేసుకున్నారు.

సర్వపిండి చూస్తే నాకు ఎవరు గుర్తొస్తారో నీకు తెలుసు. అవ్వనూ బాపునూ గాలికొదిలి, ఎవరికీ చెప్పకుండా బొంబాయి పారిపోయిన మన చిన్నోడు. ఆ మహేశ్‌గాడి పేరు నా నోటితో మంచిగా అనను. బాపు మంచాన పడ్డప్పుడు రాలేదు, పోయినప్పుడు రాలేదు. వాడికి ఇష్టమైన తిండిని దేవతకు పెట్టి నన్ను ఎందుకు ఉడికిస్తారు?

దసరా కాగానే అవ్వను లింగం బస్సులో ఎక్కించు. నీ దగ్గర ఉంచింది చాలు.

కోపంతో,
పరమేశ్వర్


ఆల్థాన్, సూరత్
27 సెప్టెంబర్ 2025

పరమేశూ,

లింగం నీ కవరు ఇచ్చేటప్పుడే "అక్కా, ఇది జర గరం ఉన్నది, సంభాలించు" అన్నాడు. చదివాక నాకూ ఒళ్లు మండింది. కాగితాన్ని ఫోన్‌లాగా మధ్యలో కట్ చెయ్యలేవు కాబట్టి, ఇది మొత్తం చదువు.

మేము బయలుదేరింది డుమస్‌కే. మీ బావ సురేశ్‌కు ఆదివారం కూడా డ్యూటీ పడితే, నేనూ విజయశ్రీ అవ్వను ఆటోలో కూర్చోబెట్టుకున్నాం. పాత మిల్లు దగ్గరికి రాగానే అవ్వ ఆటోవాడి భుజం మీద కొట్టి ఆపించింది. నన్ను అడగలేదు. గేటుకు తాళం ఉంటే గోడ కూలిన చోటు తనే చూపించింది. మోకాళ్ల నొప్పుల మనిషి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని లోపలికి దిగింది. విజయశ్రీ నవ్విందన్నావు కదా, అది నవ్వు కాదు, భయం. "అమ్మమ్మా, పాఛా ఆవో, సాప్ ఉంటది!" అని, పాములుంటాయి వెనక్కి రమ్మని, గుజరాతీ, హిందీ, తెలుగు కలిపి అరుస్తూ వెంటపడింది. అవ్వ వెనక్కి కూడా చూడలేదు. క్యాంటీన్ గోడ దాటి, సాంచెలు బిగించిన సిమెంటు దిమ్మెల మధ్య నుంచి, ఇంట్లో వంటగదిలోకి పోయినట్టు పోయింది. ఆ దిమ్మెల్లో బోల్టులు ఇంకా నిలబడి ఉన్నాయి. నా చీర వాటికి చిక్కి చిరిగింది, నాకు దారి తెలియలేదు. ఆమెకు తెలిసింది.

చెప్పులు గడప దగ్గర విడిచింది. ఎందుకని అడగకు. తుమ్మముల్లు దిగి కాలు వాచింది, రెండు రోజులు జ్వరం. డాక్టరు సూది వేశాడు, ఇప్పుడు తగ్గింది. తల్లి ఎలా ఉందని నీ ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. ఎవరు ఎక్కడికి తోలారని మాత్రం అడిగావు.

బతుకమ్మ పూల కోసం వెళ్లింది, అంతే. ఏటా పెత్రమాస నాడు అక్కడికే కదా తంగేడు కోసం పోయేది. ఎంగిలిపూల బతుకమ్మ కూడా ఆ రోజే. మర్చిపోయావా? దీపావళి తర్వాత ఇక్కడివాళ్లు చేసుకునే లాభ్ పాంచమ్ దాటగానే జేసీబీలు వచ్చి ఆ చెట్లు, గోడలు అన్నీ చదును చేస్తాయట. అవ్వకు ఎవరో చెప్పారు. చివరిసారి చూడాలనుకుంది.

అవ్వ నీ దగ్గరికి రానంటోంది. నేను ఎక్కించను.

ప్రమీల


సిరిసిల్ల
1 అక్టోబర్ 2025

అక్కా,

నిన్న సద్దుల బతుకమ్మ. వాడంతా పాటలు పాడుతుంటే నేను గదిలో కూర్చుని నీ బిడ్డ వీడియో మళ్లీ మళ్లీ చూశాను.

పూలన్నావు. అవ్వ చేతిలో బుట్ట ఏది? చుట్టూ తంగేడు పచ్చగా పూసి ఉంది, ఒక్క కొమ్మ కూడా విరవలేదు. పూలకు పోయిన మనిషి గడపలో చెప్పులు విడుస్తుందా? టిఫిన్‌లో సర్వపిండి తీసుకుపోతుందా? నేను సాంచె నడిపేవాణ్ణే కానీ కళ్లు లేనివాణ్ణి కాదు. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

నాకు ఇప్పుడు అర్థమయింది. జేసీబీలు వస్తున్నాయని నువ్వే రాశావు. రాయికి పసుపు పూసి ముసలమ్మను ముందు కూర్చోబెట్టి, పిల్లతో వీడియో తీయించి, ఇక్కడ మా దేవత ఉంది, జాగా ముట్టుకోవద్దని పంచాయితీ పెడదామనుకున్నారు. ఇది బావ ఆలోచన అయి ఉంటుంది. రేపు నలుగురు గుండాలు వచ్చి అవ్వను నెట్టేస్తే ఎవరు అడ్డం పడతారు, బావనా?

మన ఇంట్లో ఒకడు తల్లిని వదిలి పారిపోయాడు. నువ్వు తల్లిని దగ్గర పెట్టుకుని వాడుకుంటున్నావు. నీకూ ఆ మహేశ్‌గాడికీ తేడా లేదు. వాడే నయం, కనబడకుండా పోయాడు.

అవ్వను పంపు. పంపకపోతే నేనే వచ్చి తీసుకుపోతాను. అప్పుడు మాటలతో ఆగను.

పరమేశ్వర్


ఆల్థాన్, సూరత్
6 అక్టోబర్ 2025

పరమేశ్వర్,

అవ్వ నాతో ఒట్టు వేయించుకుంది. నీ ఉత్తరం చదివి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. వాడితో పోల్చి నన్ను తిట్టినందుకు కాదు. వాణ్ణి తిట్టినందుకు. ఇక మీద నువ్వు వాణ్ణి ఒక్క మాట అంటే నేను పడను.

మహేశ్ పారిపోలేదు. ఆ మిల్లులోనే చచ్చిపోయాడు.

ఇది నాకూ ఆ పెత్రమాస ఆదివారమే తెలిసింది. రంగుల షెడ్డు వెనక, తంగేడు కింద, ఆ రాయి దగ్గర అవ్వ కూలబడింది. టిఫిన్ విప్పి ఆకు పరిచింది. నేను కూడా నీలాగే అడిగాను, "పోచమ్మకు సర్వపిండి ఏందవ్వా?" అని. విజయశ్రీ ఫోన్ అక్కడిదాకానే తీసింది. తర్వాత అవ్వ అన్న మాటకు దాని చెయ్యి దానంతటదే కిందికి దిగింది. అందుకే మిగతాది నీకు కనబడలేదు.

అవ్వ అంది, "ఏ పోచమ్మ బిడ్డా? గీడ పోచమ్మ లేదు. నా చిన్నోడున్నడు."

నువ్వు ఓంప్రకాష్‌ను కొట్టి ఊరికి పోయిన ఏడాదే, ఎండాకాలంలో. మహేశ్ బదిలీ కూలి. రాని కూలీల బదులు రంగుల షెడ్డులో దిగేవాడు. వాడి పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఆవిరి గొట్టం పగిలింది. పక్కన ఊడుస్తున్న వెంకటవ్వ కళ్లారా చూసింది. వ్యానులో ఎక్కించేసరికే ప్రాణం లేదట. దవాఖానకు అన్నారు, ఏ దవాఖానకో చెప్పలేదు. తెల్లారి బాపు అడిగితే ఓంప్రకాష్, "నీ కొడుకు బొంబాయి పోతానని చెప్పి పోయాడు" అన్నాడు. మనందరికీ ఆ మాటే చేరింది. నేను ఈ ఊళ్లోనే ఉండి కూడా నమ్మాను. నెల తర్వాత వెంకటవ్వ భయం భయంగా అవ్వ దగ్గరికి వచ్చి, కొంగులో దాచి తెచ్చిన ఒక చెప్పు చేతిలో పెట్టింది. షెడ్డులో దొరికిన చెప్పు. రెండోది వాడితోనే పోయింది.

ఆ రాయి కింద ఉన్నది ఆ చెప్పే.

చచ్చిన కూలివాడికి రాయి పెడతామంటే మిల్లువాళ్లు ఊరుకుంటారా? అందుకని అవ్వ ఓంప్రకాష్ దగ్గరికే పోయి, మా ఊరి పోచమ్మను పెట్టుకుంటామని అడిగింది. వాడు సరేనన్నాడు. కొబ్బరికాయ కూడా వాడే కొట్టాడు. మిల్లు మూతపడేదాకా పొద్దున షిఫ్టుకు ముందు ఆ రాయికి దండం పెట్టి పోయేవాడట. ఇది చెప్పేటప్పుడు అవ్వ ముఖం చూసి నాకు భయమేసింది. "మొక్కనీ అనుకున్న. ఎవన్ని దాచిపెట్టిండో వానికే రోజు దండం వెట్టిండు. నాకు గదొక్కటే దొరికింది" అంది.

సూరత్‌ను ముంచిన పెద్ద వరద వచ్చిన మరుసటేడు మిల్లు మూతపడింది. తుమ్మ కమ్మేసింది. అయినా పెత్రమాసకు ఆమె పోతూనే ఉంది. వచ్చేటప్పుడు నాలుగు తంగేడు కొమ్మలు విరుచుకొచ్చేది, పూలకు పోయిందని మనం అనుకునేవాళ్లం. ఈసారి పూలు తేవడం మర్చిపోయింది. చివరిసారి కదా.

పోచమ్మ దగ్గరికి పెత్రమాస నాడు ఎవరు పోతారని నువ్వు అడిగావు. సరిగ్గా అడిగావు. మనిద్దరం ఇన్నేళ్లు అడగాల్సింది అదే.

నీకెందుకు చెప్పలేదో కూడా రాస్తాను. ఆదివారం నేనూ అడిగాను. "పరమేశుకు చెప్తే కర్ర వట్టుకొని బస్సెక్కుతుండె. ఓంప్రకాష్‌ను సంపి జైలుకు పోతుండె. ఒకడు మట్టిల కలిసె, ఇంకొకన్ని ఎట్ల ఇడుస్త బిడ్డా?" అంది. బాపుకు తెలుసు. ఆ బరువుతోనే పోయాడు. నీ కోపానికి భయపడి ఇద్దరూ కన్నబిడ్డ చావును మింగి కూర్చున్నారు. నువ్వు పండగపండగకూ ఫోన్ చేసి పారిపోయిన దొంగ అని వాణ్ణి తిట్టేవాడివి. అవ్వ "ఊఁ" అనేది. నేను పక్కనే ఉండి విన్నాను.

ఇక ఏం తిట్టుకుంటావో తిట్టుకో.

ప్రమీల


సిరిసిల్ల
9 అక్టోబర్ 2025

ఓంప్రకాష్ ఎక్కడుంటాడు? సందు పేరు, ఇంటి గుర్తు రాయి. మిల్లు సేటు కొడుకులు ఎక్కడున్నారు? వ్యాను నడిపినవాడెవడు? వెంకటవ్వను అడుగు. ఆమె బతికి లేకపోతే ఆమె పిల్లల్ని అడుగు.

అందరూ కలిసి నన్ను పిచ్చివాణ్ణి చేశారు. వాళ్లు మోసం చేస్తే వాళ్లు పరాయివాళ్లు. మీరు? నా తమ్ముడు చచ్చిపోతే నాకు చెప్పకపోవడానికి మీరెవరు? నేను కోపిష్టివాణ్ణే. ఆ కోపం నా తమ్ముడి కోసం పనికిరాకపోతే ఇంకెందుకు?

శనివారం బస్సు ఎక్కుతున్నాను. నువ్వు రాయకపోయినా వెతుక్కుంటాను.

పరమేశ్వర్


ఆల్థాన్, సూరత్
10 అక్టోబర్ 2025

పరమేశూ,

లింగం నీ కవరు ఇచ్చి, "అన్న మొఖం బాగలేదక్కా, నేనీ పొద్దే వాపసు పోతున్న, జవాబు రాసియ్యి" అని మెట్ల మీదే కూర్చున్నాడు. శనివారం నువ్వు బస్సు ఎక్కకముందే ఇది నీ చేతిలో పడాలి.

నువ్వు అడిగినవాళ్లందరి గుర్తులూ రాస్తాను, రాసుకో. ఓంప్రకాష్ పోయినేడు పోయాడు. మంచంలో, కొడుకులూ కోడళ్లూ చుట్టూ ఉండగా. మిల్లు ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు, గేటు మీద పేరు కూడా లేదు. వెంకటవ్వ వరద ఏడాదే ఊరికి పోయింది, తర్వాత కబురు లేదు. వ్యాను నడిపినవాడు ఎవరో అవ్వకే తెలియదు. నువ్వు కర్ర పట్టుకుని వస్తే కొట్టడానికి గోడలే మిగిలాయి. వాటినీ జేసీబీ కొడుతుంది.

నాకు కోపం లేదనుకున్నావా? ఆ ఆదివారం నుంచి మార్కెట్‌లో మడతపెట్టిన చీరనే మళ్లీ విప్పి మడతపెడుతున్నాను. రంగు కనబడకుండా లోపలివైపుకు తిప్పి పెడుతున్నాను. ఆ షెడ్డు గోడలు ఇప్పటికీ ఎర్రగా, నీలంగా ఉన్నాయి పరమేశూ. అన్ని వానలు పడినా రంగు పోలేదు. వాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎవరి మీద అరవాలో తెలియక నిన్న విజయశ్రీ మీద అరిచాను. అది ఫోన్‌లోంచి ఆ వీడియో తీసేసింది, రోజూ అమ్మమ్మ పక్కలో పడుకుంటోంది.

నీకు చెప్పేశానని అవ్వకు చెప్పాను. అప్పటి నుంచి నాతో మాట్లాడదు. అన్నం ముట్టడం లేదు. తలుపు చప్పుడయితే నువ్వే వచ్చావనుకుని లేచి కూర్చుంటుంది. నువ్వు రావాలనీ ఉంది, వస్తావనీ భయం. నీ ఉత్తరం చదివి వినిపించమని చేత్తో సైగ చేసింది. వినిపించాను. గోడ వైపు తిరిగి అంది, నాతో కాదు, నీతో అన్నట్టు: "ఉత్త చేతులతోటి రమ్మను. తల్లి వెడితే కొడుక్కు అందదంటరు. అన్న వెట్టాలె. ఇన్నేండ్లు ఆ పోరడు నా చేతి బువ్వ తిన్నడో లేదో నాకెరుక లేదు. ఆ జాగ పోకముందు ఒక్కసారి అన్నతోటి పెట్టియ్యాలె."

ఆమెకు కావలసింది అదొక్కటే. నీ కర్ర కాదు, నీ చేతి ముద్ద. శనివారం రావద్దు. దీపావళి అమావాస్య దగ్గరలోనే ఉంది, అప్పుడు కూడా పెద్దలకు పెడతాం కదా. అప్పటికి మనిషివి అయితే రా. కాకపోతే అసలు రాకు.

అక్క


సిరిసిల్ల
15 అక్టోబర్ 2025

అక్కా,

శనివారం సంచి సర్ది బస్టాండుకు పోయాను. నీ ఉత్తరం లింగం అక్కడే ఇచ్చాడు. బస్సు పోయాక కూడా ఆ బెంచీ మీద కూర్చుని చదివాను.

నా కోపం తగ్గిందనుకోకు. మిల్లు మీద ఉంది. ఓంప్రకాష్ మంచంలో హాయిగా పోయినందుకు ఉంది. అవ్వ మీద కూడా ఉంది, దాచుకోను. నన్ను జైలు నుంచి కాపాడింది, సరే. నేను వాణ్ణి దొంగ అంటుంటే "ఊఁ" అనకుండా, ఒక్కసారి "నోర్ముయ్‌రా" అని ఉంటే ఏమయ్యేది? నేను మూసేవాణ్ణి. ఆమె మాట నేను ఎప్పుడు దాటాను? నా గురించి మీ అందరికీ నా కర్ర ఒక్కటే గుర్తుంది.

ఏటా పెత్రమాసకు అయ్యగారు బియ్యం పుచ్చుకుంటూ పెద్దల పేర్లు చెప్పమంటాడు. తాత పేరు, బుచ్చిరాములు అని బాపు పేరు చెప్పేవాణ్ణి. "ఇంకెవరైనా ఉన్నారా?" అనేవాడు. విజయరాణి నా వైపు చూసేది, చిన్నోడి కబురు ఏమైనా తెలుసా అన్నట్టు. "ఇంకెవరూ లేరు, ఒకడున్నాడు కానీ వాడు బతికున్న వెధవ" అనేవాణ్ణి. అయ్యగారు నవ్వేవాడు. ఈ ఏడు కూడా అన్నాను. అదే ఆదివారం, మీరు అక్కడ ఆకు పరిచిన రోజే.

నిన్న మళ్లీ అయ్యగారి దగ్గరికి పోయాను. అమావాస్య కాదని తెలుసు, అయినా బియ్యం తీసుకుపోయాను. తాత పేరు చెప్పాను, బాపు పేరు చెప్పాను. ఆయన "ఇంకా?" అన్నాడు. నా నోరు తెరుచుకోలేదక్కా. ఆ పేరు నా నోటికి తిట్టుతో కలిసి రావడమే అలవాటు. ముందు తిట్టే వచ్చింది. దాన్ని మింగేసరికి పేరు రాలేదు. బియ్యం అక్కడే పెట్టి వచ్చేశాను.

దీపావళి ముందు రోజు లింగం బస్సులో దిగుతాను. ఉత్త చేతులతోనే వస్తున్నానని అవ్వకు చెప్పు. చెప్పి, ముందు అన్నం తినిపించు. నేను వచ్చేసరికి తినకుండా ఉంటే మాత్రం నిజంగానే అరుస్తాను. తనను నడిపించవద్దు, ఆ తుమ్మల్లో నేను ఎత్తుకుపోతాను. విజయశ్రీ ముందు నడిచి దారి చూపిస్తుంది, దానికి తెలుసు కదా. దాన్ని తిట్టానని చెప్పకు. సర్వపిండి విజయరాణి చేసి కడుతుంది.

రాయి అక్కడే ఉండనీ, జేసీబీవాడు ఏమన్నా చేసుకోనీ. దాని కింది చెప్పు మాత్రం నాకు కావాలి. వాణ్ణి కాల్చామో లేదో కూడా మనకు తెలియదు. ఆ చెప్పును ఇక్కడ మానేరు వాగు ఒడ్డున నా చేతులతో కాలుస్తాను. ఊరివాళ్లు నవ్వితే నవ్వనీ.

ఒక్కటే అడుగుతున్నాను. అక్కడ ఆకు పరిచాక మీరెవరూ మాట్లాడవద్దు, ఏడవవద్దు. తిట్టు లేకుండా వాడి పేరు నా నోటికి వచ్చేదాకా ఆగండి. ఎంతసేపు పట్టినా సరే.

నీ తమ్ముడు,
మహేశ్ అన్న,
పరమేశ్వర్